అద్దం బల్ల మీద పేకముక్క లేవదు!

మీ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రోజుకి ఎంతసేపు భోజనం చేస్తారు? నిజం చెప్పండి. మా ఇంట్లో అయితే పొద్దున టిఫిన్‌కి పావుగంట, రాత్రి అన్నానికి అరగంట. అది కూడా ఎవరూ కంచం పట్టుకుని టీవీ ముందుకి వెళ్లిపోకపోతేనే. మిగతా టైమంతా దాని మీద కరెంటు బిల్లు, సగం తాగిన వాటర్ బాటిల్, మూడు చార్జర్లు, కొరియర్ డబ్బాలు, ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలు. ఫ్లాట్లో నలుగురూ ఎదురెదురుగా కూర్చోడానికి ఉన్నది ఒక్కటే బల్ల. దాన్ని కూడా గోదాము చేసేశాం.

ఈ వారం ఆ బల్లని ఆటల బల్లగా మార్చే పని చెప్తా. కొత్త ఫర్నిచర్ కొనక్కర్లేదు. టేబుల్‌కి ఒక్క మేకు కొట్టక్కర్లేదు. అద్దె ఇంటి ఓనర్‌ని పర్మిషన్ అడగక్కర్లేదు. మెత్తగా ఉండే పై కవర్ ఒకటి చేసుకుంటాం. ఆట మొదలవ్వగానే పరుస్తాం, అన్నం టైముకి తీసేసి బీరువా పక్కన నిలబెట్టేస్తాం. అంతే.

"దానికింత హడావిడి ఎందుకు, దుప్పటి పరిస్తే పోదా?" అంటారేమో. పరిచి చూడండి. దుప్పటి ముడతలు పడుతుంది, అద్దం మీద జారుతుంది. ఎవరో ఒకరు నవ్వుతూ మోచెయ్యి వెనక్కి లాగుతారు. బోర్డు, కాయలు, టీ కప్పు అన్నీ కలిసి ఒళ్లోకి వచ్చి పడతాయి.

గట్టి బల్లతో గొడవేంటి?

మొదటి గొడవ చప్పుడు. గ్లాస్ టాప్ మీద పాచిక పడితే స్టీలు గిన్నెలో గోళీ వేసినట్టు మోగుతుంది. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతుంటే ఆట అక్కడితో ఆఖరు. రెండోది, గట్టి బల్ల మీద పాచిక ఆగదు. ఎగిరి, దొర్లి, కాయల్ని గుద్ది, చివరికి ఫ్రిజ్ కిందికి పోతుంది. అక్కణ్నుంచి "ఆరు పడింది", "లేదు, నువ్వు కాలితో తిప్పావు" అని పంచాయితీ. మూడోది వెలుతురు. నెత్తి మీద ట్యూబ్‌లైటు అద్దంలో కనపడుతూ కళ్లలోకి కొడుతుంది.

నాలుగోది మాత్రం చాలామంది గమనించరు. పేకముక్క మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అద్దం మీద పడిన ముక్క కిందికి గోరు దూరే సందు ఉండదు. అదే మెత్తటి దాని మీద అయితే ముక్క అంచు పక్కన వేలితో కాస్త నొక్కితే చాలు, అక్కడ ఫోమ్ కిందికి దిగుతుంది, అంచు వేలికి తగులుతుంది, ముక్క చేతికి వచ్చేస్తుంది. మనకి పాతికేళ్ల వేళ్లున్నాయి కాబట్టి ఈ తేడా పెద్దగా తెలీదు. డెబ్భై ఎనిమిదేళ్ల వేళ్లని అడగండి, చెప్తాయి.

మా అమ్మమ్మది తెనాలి వైపు పల్లెటూరు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాలుగు నెలలు మా దగ్గరే ఉంది. మా కజిన్స్ అందరికీ రమ్మీ నేర్పింది ఆవిడే. వేసవి సెలవుల్లో చింతపిక్కలు పందెం పెట్టి మా పిక్కలన్నీ ఊడ్చేసిన మనిషి. అలాంటి ఆవిడ మా ఇంట్లో రెండు మూడు ఆటలు ఆడి, "మీరు ఆడుకోండమ్మా, నాకు ఓపిక లేదు" అని సోఫాలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. మావయ్య ఫోన్లో విని, "వయసు మీద పడింది కదా, ముక్కలు గుర్తుండట్లేదేమోలే" అన్నాడు. ఇంట్లో అందరూ అదే మాట అనుకోవడం మొదలైంది. గొంతు తగ్గించి మరీ.

కానీ ఆవిడ సోఫాలో కూర్చునే, "ఇస్పేటు తొమ్మిది ఇందాకే పడిపోయింది కదే, ఇంకా దానికోసం కూర్చున్నావేంటి?" అని నాకు చెప్తోంది! మతిమరుపు ఉన్న మనిషి చెప్పే మాటేనా ఇది? మర్నాడు బతిమాలి కూర్చోబెట్టి, ముక్కల కంటే ఆవిడ చేతుల్నే ఎక్కువ చూశా. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. కింద పడిన ముక్కని ఎత్తలేక, దాన్ని మెల్లగా టేబుల్ అంచుదాకా లాక్కొచ్చి, కింద నుంచి బొటనవేలు పెట్టి తీసుకుంటోంది. మధ్యలో ఉన్న కట్టలోంచి తియ్యబోతే రెండేసి ముక్కలు వస్తున్నాయి, లేదా ముక్క తిరగబడి అందరికీ కనపడిపోతోంది. కనపడినప్పుడల్లా నవ్వేస్తోంది. నాలుగోసారి నవ్వాక లేచి సోఫాలోకి వెళ్లిపోయింది.

ఇబ్బంది ఆవిడ బుర్రలో లేదు, మా బల్లలో ఉంది. ఆ రాత్రే టేపు తీసుకుని టేబుల్ కొలిచా.

ఇది మన తాతల ఐడియానే

మెత్తటి ఆట బట్ట అనగానే విదేశీ వ్యవహారం అనుకోకండి. పచ్చీసు ఆటకి పాతకాలంలో బోర్డు అంటే ప్లస్ గుర్తు ఆకారంలో కుట్టిన బట్టే. గళ్లన్నీ దారంతో కుట్టేవాళ్లు. ఆట అయ్యాక గవ్వల్నీ కాయల్నీ అందులోనే పెట్టి చుట్టేస్తే మూటతో సహా సర్దేసినట్టే. ఫతేపూర్ సిక్రీ కోటలో నేల మీద పరిచిన పచ్చీసు గళ్లు ఇప్పటికీ టూరిస్టులు ఫొటోలు తీసుకునే చోటు. రాజుగారికి రాతి బోర్డు, మామూలు జనానికి బట్ట బోర్డు. ఈ పచ్చీసునే కాస్త మార్చి 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంట్ తీసుకున్నారు. అదే ఇప్పుడు మన ఫోన్లో ఉంది.

ఇక పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టే బొంత మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడని అమ్మమ్మలు ఎవరున్నారు? గవ్వలు బొంత మీద పడితే ఎగరవు, పగలవు. మనం చేసేది ఆ బొంతకే కాస్త గట్టి వెన్నెముక పెట్టడం.

మూడు రకాలు, మీకేది?

ఒకటి, చుట్టేసేది. మీరు హాస్టల్లోనో పీజీలోనో ఉండి, బల్లే లేదనుకోండి. ఒక 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ తీసుకోండి. దానికి దిండు గలీబులాగా మందపాటి బట్టతో తొడుగు కుట్టించండి. ఒక చివర జిప్పు. మంచం మీదైనా, నేల మీదైనా పరుచుకోవచ్చు. చుట్టేసి మూల నిలబెట్టొచ్చు, తొడుగు తీసి ఉతుక్కోవచ్చు. టైలర్‌కి పది నిమిషాల పని.

రెండోది రెడీమేడ్. బోర్డ్ గేమ్ ఆడేవాళ్ల కోసం నియోప్రీన్ మ్యాట్లని ఆన్‌లైన్లో అమ్ముతారు. నియోప్రీన్ అంటే 1930లో అమెరికాలో డ్యూపాంట్ కెమిస్టులు తయారు చేసిన కృత్రిమ రబ్బరు. స్కూబా డైవర్ల డ్రస్సులు దానితోనే చేస్తారు. పెద్ద సైజు మౌస్ ప్యాడ్ అనుకోండి. బాగుంటుంది, కానీ టేబుల్ అంత సైజు కావాలంటే రేటు చూసి మ్యాట్ కంటే ముందు మనమే చుట్టుకుపోతాం.

మూడోది మనం ఇంట్లో చేసుకునే పలక రకం. ప్లైవుడ్, దాని మీద ఫోమ్, దాని మీద బట్ట. ఇది కదలదు, ముడత పడదు. టేబుల్ గాజుదైనా, గీతలు పడిన పాత టేకుదైనా, ప్లాస్టిక్‌దైనా పైన ఇది వేస్తే ఒకేలా ఉంటుంది. నేను చేసింది ఇదే.

కొలతలు ముందు, కత్తెర తర్వాత

మాది నలుగురు కూర్చునే టేబుల్. పొడవు 48 అంగుళాలు, వెడల్పు 30. కవర్ మాత్రం నాలుగు వైపులా ఒక్కో అంగుళం లోపలికి ఉంచా. అంటే 46 బై 28. ఎందుకంటే కవర్ టేబుల్ అంచు దాటి బయటికి వచ్చిందంటే ఎవరైనా దాని మీద మోచెయ్యి ఆనించగానే అవతలి వైపు పైకి లేస్తుంది. లోపలికి ఉంటే ఆ భయం లేదు, లేచి వెళ్లేటప్పుడు నడుం తగిలి జరగదు కూడా.

46 అంగుళాల పలక ఒక్కటే అయితే మోయడం కష్టం, దాచడం ఇంకా కష్టం. అందుకే మధ్యలోకి రెండు ముక్కలు. ఒక్కోటి 23 బై 28. ఈ లెక్కలో ఇంకో లాభం ఉంది. యోగా మ్యాట్ సాధారణంగా 24 అంగుళాల వెడల్పు, 68 నుంచి 72 అంగుళాల పొడవు ఉంటుంది. దాంట్లో 23 బై 28 ముక్కలు రెండూ అతుకు లేకుండా వచ్చేస్తాయి. మీ టేబుల్ ఆరుగురిది అయితే రెండు బదులు మూడు పలకలు చేసుకోండి. ఒక్కో పలకలో ఒక వైపు 23 అంగుళాలు దాటకుండా చూసుకుంటే చాలు. ఫోమ్‌ని అతికించి వాడితే మాత్రం ఆ అతుకు బట్ట కింద నుంచి గీతలా కనపడుతూనే ఉంటుంది.

ప్లైవుడ్ ఎంత మందం? 6 మిల్లీమీటర్లది పల్చగా ఉండి, బట్ట లాగి బిగించగానే వంగే ఛాన్స్ ఉంది. 12 అయితే గట్టిగా ఉంటుంది గానీ అనవసరంగా బరువు. 9 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఈ సైజు పలక ఒక్కోటి రెండున్నర కిలోల లోపే వస్తుంది. అమ్మమ్మ కూడా ఎత్తి పక్కన పెట్టగలదు. ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, కానీ ప్లైవుడ్ కంటే బరువు. పైగా మామూలు రకానికి తడి తగిలితే ఉబ్బిపోతుంది. ప్లైవుడ్ షాపుకి వెళ్లి "కటింగ్‌లో మిగిలిన ముక్కలున్నాయా అన్నా?" అని అడగండి. పూర్తి షీటు 8 అడుగుల బై 4 అడుగులది ఉంటుంది, మనకి అంత అవసరం లేదు. అక్కడే మిషను మీద కోయించుకోండి. రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు అంచులూ కలిసాయో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఫోమ్ విషయంలో ఆశ పడొద్దు

"మెత్తగా" అన్నాం కదా అని సోఫా ఫోమ్ కొనేయకండి. మందంగా, మరీ మెత్తగా ఉంటే ముక్కలు కుంగిపోతాయి, లూడో కాయ నిలబడదు, పాచిక సగం ఒరిగి ఆగుతుంది. అప్పుడది మూడా, ఐదా అని మళ్లీ గొడవ. మనకి కావాల్సింది పల్చగా, కాస్త గట్టిగా ఉండే ఫోమ్. యోగా మ్యాట్లలో ఈవీఏ రకం బాగా పనికొస్తుంది. షాపులో చిన్న పరీక్ష చెయ్యండి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే మామూలుగా అయిపోవాలి, గుంట మిగలకూడదు. మందం 5, 6 మిల్లీమీటర్లు చాలు. మీద గరుకు గీతలున్న మ్యాట్ అయితే నున్నటి వైపు పైకి రావాలి.

బట్ట: పేకముక్కలు జేబులో పెట్టుకుని వెళ్లండి

నిజంగానే! నేను సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి రెండు పేకముక్కలు, ఒక పాచిక పట్టుకుని వెళ్లా. షాపాయన ముందు వింతగా చూశాడు. తర్వాత ఆయనే థాన్లు దించి, "ఇది చూడండి మేడమ్, దీని మీద బాగా పాకుతోంది" అని వేసి చూపించాడు.

ఏం చూడాలంటే, ముక్కని తోస్తే సాఫీగా జరగాలి. వేలితో పక్కన నొక్కి తీస్తే లేవాలి. ఫెల్ట్ చవక, చూడ్డానికి క్లబ్బులో టేబుల్‌లా ఉంటుంది, కానీ కొన్నాళ్లకి ఉండలు కడుతుంది, టీ పడితే పీల్చేసుకుంటుంది. వెల్వెట్ అందంగా ఉంటుంది, నూగు పొడుగ్గా ఉంటే ముక్కలు జరగవు. సోఫాలకి వాడే స్వేడ్ రకం పాలిస్టర్ బట్ట మధ్యేమార్గం. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే ఇంకిపోకుండా కాసేపు ముత్యంలా నిలబడితే టీ పడ్డా తుడుచుకునే టైము మీకుంటుంది.

రంగు ముదురుగా ఉండాలి, డిజైన్ ఉండకూడదు. ముక్కలు తెల్లగా ఉంటాయి కాబట్టి ముదురాకుపచ్చ, నేవీ బ్లూ మీద కొట్టొచ్చినట్టు కనపడతాయి. పువ్వుల డిజైన్ మీద చిన్న చిన్న కాయలు కలిసిపోతాయి. పెద్దవాళ్లు ఆడే ఇల్లయితే ఇది ఇంకా ముఖ్యం.

ఎంత బట్ట కొనాలి? ఒక్కో పలకకి చుట్టూ రెండున్నర అంగుళాలు మడతకి వదలాలి. అంటే 28 బై 33. సోఫా బట్ట వెడల్పు మామూలుగా 54 అంగుళాలు. 33ని వెడల్పులో పెట్టుకుంటే, పొడవులో 28, 28 కలిపి 56 అంగుళాలు కావాలి. ఒకటిన్నర మీటర్లు చాలు. రెండు ముక్కల్నీ ఒకే దిశలో కత్తిరించండి. లేకపోతే నూగు ఒకటి అటు, ఒకటి ఇటు వాలి, ఒకే బట్ట రెండు రంగుల్లా కనపడుతుంది.

ఇక పనిలోకి దిగుదాం

ముందు శాండ్ పేపర్‌తో పలక అంచులన్నీ రుద్దండి. మూలలు కోసుగా ఉంటే బట్ట చిరుగుతుంది. టీ గ్లాసు అడుగు మూల మీద పెట్టి పెన్సిల్‌తో వంపు గీసి, అంతవరకు రుద్దేస్తే గుండ్రంగా వస్తుంది. అయితే రెండు పలకలూ కలిసే వైపు మూలల్ని గుండ్రం చెయ్యొద్దు. చేస్తే అక్కడ రెండు చివరలా చిన్న సందు మిగిలిపోతుంది.

రెండో పని, ఫోమ్ అంటించడం. సోఫా పనివాళ్లు వాడే రబ్బర్ సొల్యూషన్ వాడొచ్చు. ప్లైవుడ్ మీదా, ఫోమ్ మీదా రెండింటికీ పల్చగా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక కలపాలి. ఒకసారి కలిస్తే మళ్లీ జరపడం కష్టం, అందుకే ఒక అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా వాల్చుకుంటూ రండి, గాలి బుడగలు ఉండవు. ఈ గమ్ వాసన ఘాటుగా ఉంటుంది, త్వరగా అంటుకుంటుంది కూడా. బాల్కనీలో చెయ్యండి. దగ్గర్లో స్టవ్వు, దీపం, అగరొత్తి ఏవీ ఉండకూడదు. అంటాక ఫోమ్‌ని పలక అంచుకి సరిగ్గా సమానంగా కత్తిరించండి.

ఫోమ్‌కీ బట్టకీ మధ్య మాత్రం గమ్ రాయొద్దు. రాస్తే మరకలు పైకి తేలతాయి. పైగా ఏడాది తర్వాత బట్ట మార్చాలంటే మార్చుకోలేరు. బట్టని వెనక వైపు పిన్నులతోనే బిగించాలి.

మూడో పని అదే. బట్టని బోర్లా పరచండి, ఫోమ్ కిందికి ఉండేలా పలకని దాని మీద పెట్టండి. టాకర్ గన్ కావాలి. కొనకపోయినా, తెలిసిన సోఫా రిపేరు షాపుంటే అడగండి. పిన్నులు 6 లేదా 8 మిల్లీమీటర్లవి. 10వి అయితే 9 మిల్లీమీటర్ల పలకలోంచి అవతలికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. ముందు ఒక వైపు సరిగ్గా మధ్యలో ఒక పిన్ను. దానికి ఎదురు వైపు లాగి మధ్యలో ఒకటి. తర్వాత మిగిలిన రెండు వైపులా అలాగే. ఇప్పుడు ప్లస్ గుర్తులా నాలుగు పిన్నులయ్యాయి. అక్కణ్నుంచి ఎదురెదురుగా కొడుతూ మూలల వైపు వెళ్లండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ కొట్టుకుంటూ పోతే చివరి మూలకి ముడతలన్నీ అక్కడే పోగవుతాయి. బట్ట బిగుతుగా ఉండాలి, కానీ అంచుల దగ్గర ఫోమ్ నొక్కుకుపోయేంత కాదు.

మూలలకి కంగారు పడకండి. చిన్నప్పుడు జూన్ నెలలో పుస్తకాలకి అట్టలు వేశారు కదా? అచ్చం అదే మడత. మూలని లోపలికి మడిచి, రెండు వైపుల్నీ దాని మీదికి తెచ్చి పిన్ను కొట్టడమే. లోపల మిగిలిన బట్టని కత్తిరించేస్తే గుబ్బలా లేవదు.

నాలుగో పని చాలామంది వదిలేస్తారు. కింది వైపు! ఈ పిన్నుల తలలు నేరుగా టేబుల్‌కి తగిలితే అద్దం మీద, పాలిష్ మీద గీతలు ఖాయం. అందుకే పిన్నులన్నీ కప్పేలా పాత దుప్పటి ముక్కో, రెక్సినో గమ్‌తో అంటించండి. దాని కింద కిచెన్ అరల్లో పరిచే జాలీ లాంటి యాంటీ స్కిడ్ మ్యాట్ వేస్తే కవర్ ఇక అంగుళం కూడా కదలదు.

రెండు పలకలూ విడిపోకుండా కింద వైపు వెల్క్రో పట్టీలు రెండు చాలు. బందులు వేస్తే పుస్తకంలా మడవొచ్చు కదా అనిపిస్తుంది. కానీ బందు కింద వైపే వెయ్యగలం కాబట్టి మడిచినప్పుడు బట్ట బయటికి వస్తుంది, దుమ్మంతా దానికే. విడివిడిగా తీసి, బట్ట వైపులు ఎదురెదురుగా పెట్టి నిలబెట్టడమే మేలు.

నా ఖర్చు

ప్లైవుడ్ ముక్కలు 500, యోగా మ్యాట్ 400, బట్ట 450, గమ్ 150, యాంటీ స్కిడ్ రోల్ 150, వెల్క్రో 50, పిన్నులు 60. మొత్తం 1,760 రూపాయలు. టాకర్ గన్ అడిగి తెచ్చుకున్నా. మీ ఊళ్లో రేట్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఇంట్లో పాత యోగా మ్యాట్ ఉంటే (అందరిళ్లలో ఉంటుంది, జనవరి 1న కొన్నది) ఇంకా తగ్గుతుంది.

ఏది ఆడొచ్చు, ఏది కుదరదు?

పేకముక్కలు, లూడో, బిజినెస్, స్క్రాబుల్, కటాన్ లాంటి కొత్త తరం బోర్డ్ గేమ్స్ అన్నీ ఓకే. గవ్వలతో అష్టాచెమ్మా అయితే చెప్పక్కర్లేదు. వామనగుంటల పీట కూడా దీని మీద పెడితే జారదు. క్యారమ్స్ బోర్డుని దీని మీద ఆనించొచ్చు గానీ, ఆ పౌడర్ బట్ట మీద పడితే దులుపుకోలేక చస్తాం. కాబట్టి క్యారమ్స్‌కి కవర్ తీసేయండి. జెంగా లాంటి పేర్చే ఆటలు కూడా గట్టి బల్ల మీదే బాగుంటాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పాచిక చప్పుడు తగ్గుతుంది గానీ, కుర్చీలు ఈడ్చిన చప్పుడు కిందింటికి అలాగే వెళ్తుంది. కుర్చీ కాళ్లకి రబ్బరు బుడిపెలు వెయ్యండి.

పందెం మాటంటారా? మా ఇంట్లో చింతపిక్కలే. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఫోన్లో ఎదుటివాడు ఎవడో తెలీకుండా రాత్రి రెండింటికి ఆడే రమ్మీకీ, ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ కనుబొమ్మ కదిలితే జోకర్ వచ్చిందని కనిపెట్టే రమ్మీకీ పోలికే లేదు. ఇక్కడ ఓడినా మనకి పోయేది పిక్కలే.

ఎంతకాలం వస్తుంది?

జాగ్రత్తగా ఉంటే బాగా వస్తుంది. వాడనప్పుడు నిలువుగా పెట్టండి, గోడకి బాగా ఏటవాలుగా వారాల తరబడి ఆనించి ఉంచితే పలక వంగుతుంది. నేల మీద నేరుగా పెట్టకుండా కింద రెండు చెక్క ముక్కలు వేస్తే తుడిచినప్పుడు తడి తగలదు. వానాకాలంలో బయటి గోడకి ఆనించి పెట్టొద్దు, చెమ్మ పీలుస్తుంది. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి. టీ పడితే రుద్దకుండా పొడి గుడ్డతో అద్దండి. టీ, కాఫీలకి పక్కన ఒక స్టూలు వేసుకుంటే అసలా పనే ఉండదు. మిరపకాయ బజ్జీలు తిన్న చేత్తో ముక్కలు పట్టుకునేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు.

కవర్ పరిచిన మొదటి రాత్రి అమ్మమ్మ ఏమీ అనలేదు. ముక్క తీసుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసుకుంది. అంచుదాకా లాగలేదు. నాలుగో ఆటకి "షో!" అని పరిచింది. మా ఆయన దగ్గర డెబ్భై చిల్లర కౌంటు ఉంది. "ఓపిక లేదన్నావు కదా అమ్మమ్మా?" అంటే, "నీ మొగుడికి ఆట రాకపోతే నా ఓపికేం చేస్తుందే" అంది. ఇప్పుడు ఊరికి వెళ్లేటప్పుడు ఒక పలక తనతో పంపమంటోంది. అక్కడ అరుగు మీద తన జట్టు వేరే ఉందట.

కాబట్టి పెద్దవాళ్లెవరైనా ఒక ఆట నుంచో, ఒక పని నుంచో మెల్లగా తప్పుకుంటుంటే "వయసైపోయింది" అని తీర్పు చెప్పే ముందు ఒక్కసారి వాళ్ల చేతుల వైపు చూడండి. పట్టు దొరక్కపోవచ్చు, అక్షరాలు చిన్నవి కావచ్చు, లైటు కళ్లలో కొడుతుండొచ్చు. వాళ్లు అడగరు. "ఓపిక లేదు" అని ఒక్క మాటతో సర్దేసుకుంటారు. దాంట్లో కొన్నింటికి మందు మన దగ్గరే ఉంటుంది. ఒక ప్లైవుడ్ ముక్క, ఒక యోగా మ్యాట్, ఒకటిన్నర మీటర్ల బట్ట.

ఈ ఆదివారం టేబుల్ మీది కొరియర్ డబ్బాలు తీసేసి, ముందు టేపుతో కొలిచేయండి. వచ్చే వారం ఇదే టేబుల్ కింద చార్జర్ వైర్లు కనపడకుండా సర్దే సంగతి చూద్దాం.